39 దగ్గర ఆగాలి: డ్రెయిన్ ప్లగ్ బిగింపు ప్రాజెక్టు డైరీ

నా కారు ఆయిల్ పాన్‌లో (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) డ్రెయిన్ ప్లగ్ (పాత ఆయిల్ దించడానికి విప్పే బోల్టు) కూర్చునే థ్రెడ్, అంటే మర చుట్లు, పోయింది. పోగొట్టింది నేనే. దాన్ని బాగు చేసి, మళ్లీ పోకుండా బిగించడం నేర్చుకోవడానికి చేసిన పనంతా ఇక్కడ రాసి పెడుతున్నాను. ఎవరైనా ఇదే పని చేస్తుంటే కొలతలు పనికొస్తాయి. ఇంకా థ్రెడ్ పోనివాళ్లకు మొదటి దశ ఒక్కటి చదివినా చాలు.

నా బండి లెక్కలు ఇవి:

- ప్లగ్: ఎం14 × 1.5. అంటే 14 మి.మీ. లావు, ఒక చుట్టు తిప్పితే 1.5 మి.మీ. లోపలికి వెళ్తుంది.
- ప్లగ్ తల: 17 మి.మీ.
- పాన్: అల్యూమినియం
- వాషర్: చదునైన అల్యూమినియం వాషర్, బయటి వ్యాసం 22 మి.మీ.
- మాన్యువల్ చెప్పిన టార్క్ (బోల్టును ఎంత బలంతో తిప్పి బిగించాలన్న కొలత): 39 న్యూటన్ మీటర్లు (ఇకపై న్యూ.మీ. అని రాస్తాను)
- ఫిల్టర్‌తో కలిపి పట్టే ఆయిల్: 3.6 లీటర్లు

మీ బండికి ఇవేవీ సరిపోకపోవచ్చు. ప్లగ్ సైజు ఒకటే అయినా పాన్ లోహాన్ని బట్టి, వాషర్‌ను బట్టి టార్క్ మారుతుంది. మీ మాన్యువల్‌లో ఉన్న అంకె తీసుకోండి, నాది వద్దు.

మొదటి దశ: థ్రెడ్ ఎలా పోయింది

రోజు 1.

ఆయిల్ మార్చిన వారానికి ప్లగ్ చుట్టూ తడి కనిపించింది. చుక్కలు పడటం లేదు, చెమర్చినట్టు ఉంది. రింగు పానా పెట్టి కొంచెం బిగించాను. మర్నాడు మళ్లీ తడి. ఇంకొంచెం బిగించాను. మూడోసారి పానా లాగుతుంటే బోల్టు గట్టిపడాల్సింది పోయి మెత్తబడింది. తిరుగుతోంది, కానీ బిగువు పెరగడం లేదు. కారు కింద పడుకుని బోల్టు బిగించేవాళ్లంతా గుర్తుపెట్టుకోవాల్సిన స్పర్శ ఇది. అప్పటికే అల్యూమినియం లొంగిపోయింది. ఆ క్షణంలో ఇంకో పావు చుట్టు తిప్పినా, తిప్పకపోయినా తేడా లేదు.

ఆయిల్ దించి ప్లగ్ విప్పితే, దాని చుట్లలో అల్యూమినియం తీగ స్ప్రింగులా చుట్టుకుని వచ్చింది. అదే పాన్ థ్రెడ్. లెక్కపెడితే మూడున్నర చుట్లు. పోయినవన్నీ మూతి దగ్గరివే. బోల్టు లాగే బరువులో ఎక్కువ భాగాన్ని తలకు దగ్గరగా ఉన్న మొదటి ఒకటి రెండు చుట్లే మోస్తాయి కాబట్టి అవే ముందు పోతాయి.

ఇంత జరిగాక గానీ అసలు కారణం కనపడలేదు. పాన్ ముఖాన్ని గోటితో గీరితే చిన్న అంచు తగిలింది. పాత వాషర్! ఎప్పటిదో, బాగా నలిగి పాన్‌కు అతుక్కుని, పాన్‌లో భాగమే అన్నట్టు ఉంది. దాని మీద నేను ఇంకో వాషర్ వేసి బిగించాను. ఆయిల్ ఊరింది ఆ రెండు వాషర్ల మధ్యనుంచి. ఎంత బిగించినా ఆగేది కాదు.

ఈ ప్రాజెక్టు మొత్తానికి ఆధారమైన విషయం ఇక్కడే అర్థమైంది. థ్రెడ్ ఆయిల్‌ను ఆపదు. థ్రెడ్ పని ప్లగ్ తలను పాన్ వైపు లాగి పట్టుకోవడం. ఆయిల్‌ను ఆపేది వాషర్, దాని రెండు వైపులా ఉన్న శుభ్రమైన ముఖాలు. కారుతున్న ప్లగ్‌ను ఇంకా బిగించడమంటే, ఆపని దాన్ని పట్టుకుని ఆపమనడం.

ఇప్పటిదాకా: 1.5 గంటలు. పోయిన చుట్లు: 3.5.

రెండో దశ: థ్రెడ్ బాగు చేయడం

రోజు 4 నుంచి 9 వరకు.

నా ముందు మూడు దారులు ఉన్నాయి. ఒకటి, కొంచెం లావుపాటి ప్లగ్‌ను తనే థ్రెడ్ కోసుకుంటూ వెళ్లేలా బిగించడం. ఇది వద్దనుకున్నాను. కోసిన రజను లోపల పడుతుంది, పైగా చేత్తో వంకర లేకుండా మొదలుపెట్టడం కష్టం. రెండోది, కొత్త పాన్ వేయడం. మూడోది, రంధ్రాన్ని పెద్దది చేసి, లావు థ్రెడ్ వేసి, అందులో స్ప్రింగులా చుట్టిన స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ ఇన్సర్టు కూర్చోబెట్టడం. లోపలి కొలత మళ్లీ ఎం14 × 1.5 అవుతుంది, పాత ప్లగ్ పనికొస్తుంది. అల్యూమినియం కంటే ఆ తీగ గట్టిది, మాటిమాటికీ విప్పి బిగించే చోటికి ఇదే నయం. మూడోది ఎంచుకున్నాను.

పాన్ బండికి ఉండగానే చేసేద్దామని మొదట అనుకున్నాను. ఎందుకైనా మంచిదని 20 మి.మీ. మందం అల్యూమినియం ముక్క మీద చేత్తో డ్రిల్ పట్టుకుని ఒకటి చేసి చూశాను. కళ్లకు నిటారుగానే కనిపించింది. ప్లగ్ బిగించి మూలమట్టం పెడితే 2 డిగ్రీల వంపు ఉంది.

2 డిగ్రీలేగా అనిపిస్తుంది. కానీ 22 మి.మీ. వాషర్ మీద అది ఒక అంచునుంచి ఇంకో అంచుకు 0.77 మి.మీ. తేడా. వాషర్ నలిగేది అందులో నాలుగో వంతు కూడా ఉండదు (కొలత ఐదో దశలో ఉంది). అంటే ఒక వైపు వాషర్ నలిగిపోతుంటే ఇంకో వైపు సందు అలాగే ఉంటుంది. అందుకని పాన్ విప్పి, స్టాండు డ్రిల్ మీద పెట్టి చేశాను. మూడు గంటలు ఎక్కువ పట్టింది. ఆ మూడు గంటల గురించి నాకు ఏ చింతా లేదు.

చేసిన వరస:

1. పాన్ ముఖాన్ని డ్రిల్ బల్ల మీద సమంగా కూర్చోబెట్టి, పాత ప్లగ్ పెట్టి నాలుగు వైపులా మూలమట్టంతో చూశాను.
2. ఇన్సర్టు కిట్‌లో వచ్చిన డ్రిల్ బిట్‌తోనే, తక్కువ వేగంలో రంధ్రం పెద్దది చేశాను.
3. మర వేసే ట్యాప్‌ను కూడా డ్రిల్ చక్‌లో పట్టించి, మోటారు ఆపి, చక్‌ను చేత్తో తిప్పుతూ మొదటి మూడు చుట్లు వేశాను. నిటారుగా మొదలైతే మిగతాది చేత్తో వేసినా వంకర పోదు.
4. ప్రతి అర చుట్టుకు పావు చుట్టు వెనక్కి తిప్పి రజను తెంపాను.
5. ఇన్సర్టును ముఖం కంటే అర చుట్టు లోపలికి దించాను. పైకి పొడుచుకు వస్తే వాషర్ సరిగ్గా కూర్చోదు.
6. ఇన్సర్టు చివరి తోకను విరిచి, ఆ ముక్కను బయటకు తీసి డబ్బాలో వేశాను. అది పాన్‌లో మిగలకూడదు.
7. పాన్‌ను కిరోసిన్‌తో రెండుసార్లు కడిగి, తెల్ల గుడ్డతో తుడిచాను. రెండోసారి గుడ్డ మీద మెరుపు రాలేదు.

మూలమట్టం మళ్లీ పెట్టాను. వెలుతురు దూరే సందు కనపడలేదు.

ఇప్పటిదాకా: 7.5 గంటలు.

మూడో దశ: టార్క్ రెంచ్ చెప్పేది నిజమేనా

రోజు 11.

టార్క్ రెంచ్ నా దగ్గర చాలా కాలంగా ఉంది. పెట్టిన అంకెకు బిగువు చేరగానే టిక్ మనే రకం, 20 నుంచి 100 న్యూ.మీ. వరకు. ఇలాంటి వాటికి సాధారణంగా 4 శాతం అటూ ఇటూ తేడా ఒప్పుకుంటారు. 39కి లెక్కేస్తే 37.4 నుంచి 40.6 వరకు. బాగుచేసిన థ్రెడ్‌ను దాని చేతిలో పెట్టే ముందు అది నిజం చెబుతోందో లేదో చూడాలనుకున్నాను. కావలసినవి బెంచి వైస్, బకెట్, నీళ్లు, తూకం, టేపు.

రెంచ్ చదరపు కొసను వైస్‌లో పట్టించాను. పిడి అడ్డంగా, నేలకు సమాంతరంగా ఉండాలి. బరువు కిందికి లాగినప్పుడు అది బిగించే వైపే తిరగాలి. రెంచ్ వీపు మనవైపు ఉండి పిడి కుడివైపు ఉంటే సరిపోతుంది. పిడి మధ్యలో తాడు కట్టాను. కొస కేంద్రం నుంచి తాడుకు 0.38 మీటర్లు. రెంచ్‌ను 39 దగ్గర పెట్టి, బకెట్‌లో కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ టిక్ మన్నప్పుడు బకెట్‌ను తూచాను.

39ని 0.38తో, ఆపైన 9.81తో (ఒక కిలో బరువు ఇన్ని న్యూటన్లు) భాగిస్తే 10.46 కిలోలు. అక్కడ టిక్ మనాలి అనుకున్నాను. వచ్చినవి ఇవి:

- 1వ సారి: 10.9 కిలోలు
- 2వ సారి: 10.4
- 3వ సారి: 10.2
- 4వ సారి: 10.3
- 5వ సారి: 10.2

ఒకసారి ఎక్కువ, తర్వాత అన్నీ తక్కువ. రెంచ్ తొందరపడి టిక్ మంటోందని రాసుకుని, అంకెను 40కి పెంచి వాడదామని కూడా అనుకున్నాను. రాత్రి లెక్క మళ్లీ చూస్తుంటే తప్పు దొరికింది. రెంచ్‌కు దాని సొంత బరువు ఉంది! తూచాను: 1.2 కిలోలు. పానా కాడ మీద ఆనించి నిలబెడితే, బరువు కేంద్రం కొస నుంచి 0.15 మీటర్ల దగ్గర ఉంది. అంటే బకెట్ లేకుండానే అది 1.8 న్యూ.మీ. లాగుతోంది. దాన్ని కలిపితే చివరి నాలుగింటి సగటు 40.1 న్యూ.మీ. రెంచ్ టిక్ మనేది తొందరగా కాదు, 2.7 శాతం ఆలస్యంగా. నా మొదటి లెక్క నమ్మి అంకె పెంచి ఉంటే తప్పును ఇంకా పెంచేవాణ్ని.

మొదటి 10.9 సంగతి వేరే. అది 42.4 న్యూ.మీ. అవుతుంది, దాదాపు 9 శాతం ఎక్కువ. నెలల తరబడి అలమరలో ఉన్న రెంచ్ లోపలి గ్రీజు ఒకచోట పేరుకుని ఉంటుంది. అసలు పనికి ముందు వైస్‌లో పెట్టి నాలుగైదుసార్లు టిక్ మనిపిస్తే సర్దుకుంటుంది. ఈ పరీక్షనుంచి నేను మార్చుకున్న మొదటి అలవాటు ఇదే.

ఇంకో రెండు విషయాలు ఈ రోజే రాసుకున్నాను. నా రెంచ్ మీద రెండు స్కేళ్లు ఉన్నాయి, ఒకటి న్యూ.మీ., ఇంకోటి ఫుట్ పౌండ్లు. 39ని పొరపాటున రెండో స్కేలు మీద పెడితే అది 53 న్యూ.మీ. అవుతుంది. ఆ స్కేలు మీద టేపు అంటించేశాను. కొన్ని మాన్యువళ్లలో కేజీ మీటర్లలో ఉంటుంది: 4.0 అంటే దాదాపు మన 39 అన్నమాట. రెండోది, పని అయ్యాక రెంచ్‌ను దాని కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టాలి. నా రెంచ్‌కు అది 20. అంతకంటే కిందికి విప్పకూడదు.

ఇప్పటిదాకా: 10 గంటలు.

నాలుగో దశ: చేతి అంచనా

రోజు 12.

"రెంచ్ ఎందుకన్నా, చేతికి తెలిసిపోతుంది కదా" అన్నాడు తమ్ముడు. నిజంగా తెలుస్తుందేమో చూద్దామని, ముల్లు చూపించే రకం టార్క్ రెంచ్ ఒకటి అరువు తెచ్చాను. రెండో దశలో చేసిన అల్యూమినియం ముక్కలో ఇన్సర్టు వేసి, వైస్‌లో పట్టించి, నేను కళ్లు మూసుకుని "ఇక చాలు" అనిపించేదాకా లాగడం, తమ్ముడు ముల్లు చదవడం. ఎనిమిదిసార్లు చేశాం. మొదటి నాలుగు నిలబడి, తర్వాత నాలుగు కారు కింద ఉన్నట్టు వెల్లకిలా పడుకుని.

- నిలబడి: 27, 34, 31, 44
- పడుకుని: 46, 52, 58, 49

ఎనిమిదింటి సగటు 42.6. చూడ్డానికి ఫర్వాలేదనిపిస్తుంది. కానీ 37.4 నుంచి 40.6 మధ్య ఒక్కటి కూడా పడలేదు. పడుకున్నప్పుడు నాలుగూ ఎక్కువే. చేయి పైకెత్తి, భుజం నేలకు ఆనించి లాగుతుంటే బలం ఎంత పెడుతున్నామో తెలియడం లేదు. నా థ్రెడ్ పోయింది కూడా పడుకునే. తమ్ముడు ఈ అంకెలు చూశాక రెంచ్ గురించి మళ్లీ అడగలేదు.

టార్క్ రెంచ్ లేనివాళ్లకు ఒక మార్గం ఉంది. సామాను తూచే కొక్కెం తూకాన్ని మామూలు రింగు పానా చివర తగిలించి లాగడం. బోల్టు కేంద్రం నుంచి కొక్కేనికి 0.25 మీటర్లు ఉంటే, 39 న్యూ.మీ.కు తూకం 15.9 కిలోలు చూపాలి. పానాకు సరిగ్గా లంబంగా లాగాలి. 90 డిగ్రీలకు బదులు 60 డిగ్రీల కోణంలో లాగితే అదే 15.9 దగ్గర బోల్టుకు చేరేది 34 మాత్రమే. ముల్లు రెంచ్‌తో పోల్చి మూడుసార్లు చేశాను: 38, 40, 37. చేతి అంచనా కంటే ఎంతో మెరుగు.

ఇప్పటిదాకా: 11 గంటలు.

ఐదో దశ: వాషర్ల పరీక్ష

రోజు 13 నుంచి 18 వరకు.

పాన్ ఇంకా బల్ల మీదే ఉంది కాబట్టి దీన్ని వదులుకోవాలనిపించలేదు. పాన్‌ను రెండు కట్టెల మీద పెట్టి, ప్లగ్ బిగించి, లోపల అర లీటరు కిరోసిన్ పోసి, కింద తెల్ల కాగితం పరిచి 12 గంటలు వదిలేశాను. కిరోసిన్ ఆయిల్ కంటే చాలా పలచన, సన్నటి సందు ఉన్నా దూరుతుంది. ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయండి.

1. కొత్త వాషర్, శుభ్రమైన ముఖం, 39: కాగితం పొడిగా ఉంది.
2. అదే వాషర్ విప్పి మళ్లీ వేసి, 39: కాగితం మీద 25 మి.మీ. మరక.
3. అదే వాషర్ తిరగేసి, 39: 40 మి.మీ. మరక.
4. కొత్త వాషర్, కింద తుడిచిన గుడ్డ నుంచి ఊడిన ఒక్క దారం, 39: 15 మి.మీ. మరక.
5. కొత్త వాషర్, 20 మాత్రమే: పొడిగా ఉంది.

ఐదోది నేను ఊహించలేదు. సగం టార్క్‌కే ఆయిల్ ఆగుతుంది! అయితే బల్ల మీద ఉన్న పాన్‌కు అదురు లేదు, వేడెక్కడం చల్లారడం లేదు. మిగతా బిగువు ఉన్నది ప్లగ్ అదురుకు వదులు కాకుండా ఉండటానికి. కాబట్టి 20 చాలని ఎవరూ అనుకోవద్దు. నేను తీసుకున్నది ఇంతే: వాషర్ మంచిదైతే 39 ధారాళంగా సరిపోతుంది, చెడిపోయినదైతే 39 దాటి వెళ్లినా లాభం లేదు.

వెర్నియర్ కొలతలు. కొత్త వాషర్ 2.00 మి.మీ. ఒకసారి బిగించాక 1.86. రెండోసారి బిగించాక 1.83. మొదటిసారి 0.14 నలిగి పాన్ ముఖం మీది సన్నటి గీతల్లోకి దిగిపోతుంది. రెండోసారి నలగడానికి మిగిలింది 0.03. మొదటిసారి నలిగినప్పటి అచ్చు రెండోసారి అదే చోట కూర్చోదు. పాత వాషర్ కారడానికి కారణం ఇదే. రాగి వాషర్లైతే ఎర్రగా కాల్చి మెత్తబరిచి మళ్లీ వాడేవాళ్లున్నారు. అల్యూమినియంతో ఆ పని పెట్టుకోకండి, ఎర్రబడకముందే కరిగిపోతుంది.

ప్లగ్ తల మీద గీత పెట్టి తిరిగిన కోణం కూడా చూశాను. వేళ్లతో బిగిసిన చోటునుంచి టిక్ వరకు కొత్త వాషర్‌తో సుమారు 70 డిగ్రీలు, పాతదానితో 35. కొత్త వాషర్ వేసి 70 కాస్తా 120 దాటుతున్నా టిక్ రాకపోతే ఆగిపోవాలి. థ్రెడ్ లొంగుతూ ఉండొచ్చు, రెంచ్ టిక్ మనడం మానేసి ఉండొచ్చు.

థ్రెడ్‌కు ఆయిల్ తగిలితే ఏమవుతుందో లెక్క వేసుకున్నాను. మనం పెట్టే టార్క్‌లో సుమారు సగం ప్లగ్ తల కింది రాపిడికి, ఇంకో 40 శాతం థ్రెడ్ రాపిడికి పోతుంది. బోల్టును లాగి పట్టేది మిగిలిన 10 శాతమే. రాపిడి కొంచెం తగ్గినా ఆ చిన్న భాగం బాగా పెరుగుతుంది. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం, పొడి థ్రెడ్‌కు టార్క్ గుణకం (రాపిడి అంతా కలిపి లెక్కలో వాడే అంకె) 0.2 అనుకుంటే 39 న్యూ.మీ. వద్ద ఈ ఎం14 ప్లగ్ సుమారు 13,900 న్యూటన్లతో లాగుతుంది, అంటే దాదాపు 1.4 టన్నుల బరువు. ఆయిల్ పూసిన థ్రెడ్‌కు 0.15 అనుకుంటే 18,600. అదే టిక్, మూడో వంతు ఎక్కువ లాగుడు. మాన్యువల్ ఆయిల్ పూయమని చెప్పనంతవరకు నేను ప్లగ్ థ్రెడ్‌నూ, పాన్ మూతినీ తుడిచే బిగిస్తున్నాను. కుళాయికి చుట్టే తెల్ల టేపు థ్రెడ్‌కు చుట్టకండి. అదీ రాపిడి తగ్గిస్తుంది, పైగా దాని పీచు ఆయిల్‌లోకి వెళ్తుంది.

ఇప్పటిదాకా: 14 గంటలు. కొత్త వాషర్లు 3. ఇన్సర్టు మీద బిగింపులు 5.

ఆరో దశ: పాన్ తిరిగి బండికి, ఆపైన అసలు ఆయిల్ మార్పు

రోజు 20.

పాత సీలెంట్‌ను (పాన్ అంచు కారకుండా పూసే జిగురు) ప్లాస్టిక్ గరిటెతో గీరి, కొత్త గీత వేసి పాన్ ఎక్కించాను. సీలెంట్ ఆరడానికి 24 గంటలు వదిలి మర్నాడు ఆయిల్ పోశాను. ఎంత కడిగినా ఒక్క రజను ముక్క మిగిలి ఉంటుందేమోనన్న టెన్షన్ ఉంది. అందుకే ఈ ఆయిల్‌తో 200 కి.మీ. మాత్రమే నడిపి, దించేసి, తెల్ల గుడ్డలో వడకట్టాలని ముందే అనుకున్నాను.

ఇప్పటిదాకా: 17 గంటలు. వాషర్లు 4. బిగింపులు 6.

రోజు 29.

ఆ 200 కి.మీ. అయ్యాయి. ఈసారి చేసింది పూర్తి వరస:

1. చదునైన గట్టి నేల. చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో లేపి, స్టాండ్ల మీద దించి, కారును చేత్తో ఊపి చూశాను. జాకీ మీద మాత్రమే ఉన్న బండి కిందికి దూరకండి, ఒక్క నిమిషానికి కూడా.
2. ఇంజిన్ 5 నిమిషాలు నడిపి ఆపాను. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే చాలు, చేయి కాలకూడదు.
3. విప్పడానికి ఆరు మూలల 17 సాకెట్, పొడుగు కాడ. పన్నెండు మూలలది తలను అరగదీస్తుంది. విప్పడానికి టార్క్ రెంచ్ వాడలేదు.
4. కింద పడుకుంటే దిక్కు తికమక అవుతుంది. ప్లగ్ తలను గడియారం ముఖం అనుకుని, ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగా తిప్పాను.
5. చివరి చుట్లు చేతి తొడుగుతో, ప్లగ్‌ను పాన్ వైపు నొక్కిపట్టి తిప్పి, ఒక్కసారిగా పక్కకు తీశాను.
6. 15 నిమిషాలు కారనిచ్చాను. ఈలోగా వాషర్ ప్లగ్‌తోపాటు వచ్చిందా అని చూశాను. వచ్చింది, ఒక్కటే. అయినా పాన్ ముఖం చుట్టూ గోరు తిప్పాను.
7. పీచు ఊడని గుడ్డతో పాన్ ముఖం, ప్లగ్ ముఖం, థ్రెడ్ తుడిచాను.
8. కొత్త వాషర్ వేసి, ప్లగ్‌ను ముందు వెనక్కి తిప్పాను. చిన్న కుదుపుతో చుట్టు కూర్చున్నట్టు తెలిశాక ముందుకు. వేళ్లతో కనీసం నాలుగు చుట్లు వెళ్లాలి. మధ్యలో పట్టేస్తే విప్పి మళ్లీ మొదలు.
9. కాడ లేకుండా, సాకెట్‌ను వేళ్లతో పట్టుకుని వాషర్ తగిలేదాకా తిప్పాను.
10. వైస్‌లో ఐదుసార్లు టిక్ మనిపించిన రెంచ్, 39. పిడి మధ్యలో పట్టుకుని నిదానంగా ఒకే లాగుడు. టిక్. ఆపేశాను.

"ఇంకోసారి టిక్ మనిపించు అన్నా, ఖాయం చేసుకోవడానికి" అన్నాడు లైటు పట్టుకున్న తమ్ముడు. రెండో టిక్ ఖాయం చేయదు. ఆగిన బోల్టును మళ్లీ కదిలిస్తే ప్రతిసారీ కాస్త ముందుకు జరగొచ్చు.

టిక్ తర్వాత ప్లగ్ తల మీదనుంచి పాన్ మీదికి పెయింట్ పెన్నుతో ఒక గీత గీశాను. కోణం 65 డిగ్రీలు, బల్ల మీద వచ్చినదానికి దగ్గరే. గుడ్డలో వడకట్టిన ఆయిల్‌లో లోహం ఏమీ కనపడలేదు. పాత ఆయిల్ డబ్బాలో పోసి మూత పెట్టి, వాడిన ఆయిల్ తీసుకునే చోట ఇవ్వడానికి పక్కన పెట్టాను.

కొత్త ఆయిల్ పోసి స్టార్ట్ చేశాను. ఆయిల్ ప్రెషర్ లైటు కొన్ని సెకన్లలో ఆరిపోయింది. మూడు నిమిషాలు నడిపి ఆపి, పది నిమిషాలు ఆగి ఆయిల్ మట్టం చూపే స్టిక్ చూస్తే పై గీతకు కొంచెం కింద ఉంది. సరే అనుకుని కిందికి దూరితే, ప్లగ్ కింద ఒక చుక్క.

గుండె ఆగినంత పనైంది. చేయి దానంతట అదే పానా వైపు వెళ్లింది. మొదటి రోజు చేసిన తప్పు మళ్లీ చేయడానికి ఒక్క సెకను చాలు. పానా తీసుకెళ్లి గది అవతల పెట్టి వచ్చాను. బ్రేక్ క్లీనర్ కొట్టి, తుడిచి, ఆరనిచ్చి, ప్లగ్ చుట్టూ, దాని పైభాగాన ఉన్న పాన్ పక్క అంతా టాల్కం పౌడర్ పలచగా చల్లాను. ఇంజిన్ ఇంకో పది నిమిషాలు నడిపాను. పౌడర్ మీద ముదురు చార స్పష్టంగా కనిపించింది. అది ప్లగ్ దగ్గర మొదలవలేదు. ఫిల్టర్ మార్చేటప్పుడు ఒలికి, పై అంచులో నిలిచిన ఆయిల్, పాన్ పక్కనుంచి జారి ప్లగ్ తల దగ్గరికి చేరుతోంది. ప్లగ్ చుట్టూ పౌడర్ తెల్లగానే ఉంది. పై అంచు తుడిచి ఇంకోసారి చూస్తే చార మళ్లీ రాలేదు.

ఒకవేళ పౌడర్ ప్లగ్ చుట్టూనే తడిసి ఉంటే, బిగించేవాణ్ని కాదు. ఆయిల్ శుభ్రమైన గిన్నెలోకి దించి, వాషర్ మార్చి, ముఖాలు చూసి, మళ్లీ 39.

ఇప్పటిదాకా: 18.5 గంటలు. వాషర్లు 5. బిగింపులు 7.

ఏడో దశ: తర్వాత చూసినవి

50 కి.మీ. దగ్గర: గీత కలిసే ఉంది, పొడిగా ఉంది. రెంచ్ తగిలించలేదు. గీత కదలకపోతే మళ్లీ బిగించి చూడాల్సిన పని లేదు.

500 కి.మీ. దగ్గర: అదే.

5,000 కి.మీ. దగ్గర, తర్వాతి ఆయిల్ మార్పు. విప్పేటప్పుడు ముల్లు రెంచ్ మళ్లీ అరువు తెచ్చి పెట్టాను. 33 న్యూ.మీ. దగ్గర ప్లగ్ కదిలింది. బిగించినదానికంటే కొంచెం తక్కువలో విడవడం మామూలే. పాత రోజుల్లో నేను పొడుగు గొట్టం తగిలించి, రెండు చేతులతో లాగి విప్పేవాణ్ని. ఇన్సర్టు ప్లగ్‌తోపాటు బయటికి రాలేదు, చుట్లు అన్నీ మెరుస్తున్నాయి. వాషర్ 1.86, చుట్టూ ఒకే మందం. నాలుగు చోట్ల కొలిచాను, తేడా 0.01 దాటలేదు. అంటే ఇన్సర్టు నిటారుగానే ఉంది.

కొత్త వాషర్, తుడిచిన ముఖాలు, నాలుగు చుట్లు వేళ్లతో, 39 దగ్గర ఒక టిక్. పాత గీత తుడిచి కొత్తది గీశాను.

మొత్తం: 20 గంటలు. వాషర్లు 6. బిగింపులు 8. చుక్కలు 0.